మోతికి ఇప్పించిన తాలీం

ఒక అబద్ధం నా దగ్గర నలభై ఏళ్లకు పైగా ఉంది. ఏ పాత వస్తువునూ పారేయని దాన్ని నేను. తాడు ముక్క దొరికినా చుట్టి దాస్తాను. దీన్ని మాత్రం ఎలాగైనా వదిలించుకోవాలని చూశాను. పోలేదు. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఇంతవరకు రాలేదు, ఇక రాదు కూడా. వీధిబడిలో మూడేళ్లు చదివినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మొన్న మా మనవరాలు కుక్కపిల్లను తెచ్చింది. కుక్కలకు తాలీం ఇచ్చి నేర్పేవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఇద్దరు ముగ్గురున్నారట. "నానమ్మా, ఎవరి దగ్గర పెట్టాలె?" అని నవ్వుతూ అడిగింది. నా చేతిలో బియ్యం చేట ఉంది. జారిపోయింది. గింజ కింద పడితే ఇల్లదిరేలా కేకలేసే ముసలిది తానే చేట ఒలకబోసిందని అందరూ నవ్వారు. నాకు ఆ అబద్ధం గుర్తొచ్చింది.

అది నైజాం రాజ్యం చివరి ఏళ్ల మాట. వరంగల్‌లో మాది నూలు దుకాణం, వెనకే ఇల్లు. మా ఆయన ఊరి అంచున ఉన్న కాశిబుగ్గ నేతవాళ్లకు నూలు ఇచ్చి చీరలు నేయించేవాడు. సరుకు కోసం నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగేవాడు. ఇంట్లో నేనూ, ఇద్దరు చిన్నపిల్లలూ, గదినిండా నూలు కట్టలూ. ఆ రోజుల భయం చెబితే తెలిసేది కాదు. పట్టపగలు తలుపు చప్పుడైనా గుండె ఆగేది. ఫలానా ఇంట్లో పడ్డారట, ఫలానా ఆయనను కొట్టారట, రోజూ ఇదే కబురు. ఎవరు వస్తారో తెలియదు. ఎవరి మనుషులో తెలియదు.

మా కుక్క పేరు మోతి. మనిషి కనిపిస్తే చాలు, కాళ్లు నాకేది. దానికి తాలీం ఇప్పించాలని మా ఆయనే అన్నాడు. ఏటూరునాగారం వైపు కుక్కలకు నేర్పే అడవి మనిషి ఒకడున్నాడు, అతణ్ణి పిలిపించమని చెప్పి సరుకు కోసం దూరం వెళ్లాడు, ఆసారి మూడు నెలలు రాలేదు. అతని పద్ధతి వేరు. రెండు నెలలు మన ఇంట్లోనే ఉంటాడు. ఇంటికి వచ్చీపోయే ప్రతి మనిషి చేతా కుక్కకు ముద్ద పెట్టిస్తాడు. కొత్తవాడు వస్తే మొరిగి అడ్డం నిలబడాలి, కరవకూడదు. పిలిస్తే వెనక్కి రావాలి. అంతే నేర్పుతాడు.

నాకది నచ్చలేదు. రెండు నెలలు పరాయి మనిషికి వండిపెట్టాలా? మొరిగే కుక్కకు ఎవడు భయపడతాడు? సుబేదారి వాడలో ఇంకొకాయన ఉండేవాడు, ఫౌజులో పనిచేసి వచ్చిన ముసలి సిపాయి. కుక్కను తన దగ్గరే ఉంచుకుని, గడ్డి కూరిన బొమ్మకు బట్ట తొడిగి, దాని మీదికి ఉసిగొల్పి నేర్పుతాడు. నెలలో మనిషిని పట్టే కుక్కను చేసి ఇస్తాడు. మోతిని తీసుకెళ్లి అక్కడ కట్టేసి వచ్చాను. అడవి మనిషే వచ్చి నేర్పిపోయాడని, మా ఆయన తిరిగొచ్చాక చెప్పాను. అది మొదటి అబద్ధం. అప్పుడు చాలా చిన్నదిగా కనిపించింది.

బొమ్మకు తొడగడానికి నాలుగు రకాల పాత బట్టలు తెమ్మన్నాడు సిపాయి. ఇంట్లో మా ఆయన పాత షేర్వాణీ ఉంది, చిరిగిన ధోవతులున్నాయి. బొంతకు పనికొస్తాయని ఇవ్వబుద్ధి కాలేదు. నూలు కట్టల మీద కప్పే గొంగడి ఒకటి ఎలుకలు కొరికేసి ఉంది. అదొక్కటే పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, ఒక్క గొంగడి మీద నేర్పితే ఇది దొంగను పట్టుకోదు. గొంగడిని పట్టుకుంటది. జర ఇంకో రెండు బట్టలు పంపు."

"దొంగలు గొంగడి కప్పుకోక షేర్వాణీలు తొడుక్కొని వస్తరా? ఉన్నదాంతోనే కానియ్యి," అన్నాను.

చెప్పాడు కదా. నాకే చెప్పాడు. తెలియక చేశానని అనుకునే వీలు కూడా నాకు మిగల్చలేదు ఆ మనిషి.

ఎండాకాలంలో మోతి ఇంటికి తిరిగి వచ్చింది. పిల్లలతో ఎప్పటిలాగే ఆడింది. కొమురయ్య మామ వస్తే అతని చేతులు నాకింది. మామ అంటే చుట్టరికం కాదు. కాశిబుగ్గ నుంచి వారానికోసారి నేసిన చీరలు తెచ్చే పెద్దాయన. అతని భుజాన అప్పుడు తువ్వాల తప్ప ఏమీ లేదు. తాలీం వృథా అయిందని నాలో నేను తిట్టుకున్నాను కూడా.

తర్వాత ముసురు పట్టింది. ఒకరోజు గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని వీధిలో పోతుంటే మోతి గొలుసు తెంపుకునేంత పని చేసింది. మొరగలేదు. ఒక్క చప్పుడు చేయలేదు. ఆ మొరగకపోవడం చూసి నాకు సిపాయి మాట గుర్తొచ్చింది. అప్పుడైనా నేనేం చేయాలి? మా ఆయనకు చెప్పాలి. కాశిబుగ్గకు కబురు పంపాలి. కనీసం ఆ పాత గొలుసు మార్చాలి. ఏం చేశాను? తలుపు వేసుకున్నాను.

వారం తిరక్కుండానే కొమురయ్య మామ వచ్చాడు. వాన పడుతోంది. చీరల మూట తడవకుండా పెద్ద గొంగడి కప్పుకున్నాడు. గొలుసు తెగిన చప్పుడు విన్నాను. "మోతీ, మోతీ" అని అరిచాను. పిలిస్తే రావాలని దానికి ఎవరూ నేర్పలేదు. అతని ముంజేయి పట్టేసింది. గొంగడి జారి కింద పడగానే చేయి వదిలి, గొంగడిని పట్టి చీల్చింది. అది చీల్చే తీరు చూస్తే నీకైనా అర్థమయ్యేది. నాకు అర్థమైంది.

అతను అరుగు మీద కూలబడ్డాడు. నెత్తురు చీరలకు అంటకుండా మూటను కాలితో పక్కకు జరిపాడు.

"మొన్నటిదాక నా చెయ్యి నాకింది గద. ఇయ్యాల ఏమైంది దీనికి? కుక్కకు పిచ్చి గిట్ల లేదు గద బిడ్డా?"

లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ లేదంటే మరెందుకు కరిచిందని అడుగుతారు, సుబేదారి సంగతి బయటపడుతుంది, మా ఆయన ముందు నేను నిలబడాలి, గొంగడి కప్పుకున్న వాళ్ల మీదికి సావుకారమ్మ కుక్కను తయారుచేసిందని కాశిబుగ్గ అంతా అనుకుంటుంది. కుక్కకు పిచ్చి లేస్తే మాత్రం ఎవరి తప్పూ కాదు.

"ఏమో మామా. రెండు దినాల సంది తిండి ముడ్తలేదు," అన్నాను.

పొద్దునే రెండు రొట్టెలు తిన్నది మోతి.

అతను తువ్వాలతో చేయి బిగించి కట్టుకున్నాడు. ముఖం బూడిదలా అయింది. తర్వాత, "పిల్లలను దాని దిక్కు పోనియ్యకు బిడ్డా, జర పైలం," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పిచ్చికుక్క అని విని ఇద్దరు మనుషులు దుడ్డుకర్రలతో వచ్చి మోతిని తీసుకుపోయారు. వాళ్ల భుజాల మీద గొంగళ్లు లేవు. అందుకే అది తోక ఊపుతూ వెంట పోయింది.

కొమురయ్య మామకు దవాఖానలో బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. రోజూ నడిచి వెళ్లి పొడిపించుకున్నాడు. సూదులేసినా నమ్మకం లేదని, ఏడాది దాకా పిచ్చి ఎప్పుడైనా లేవొచ్చని, నీళ్లు చూసి భయపడితే అదేనని ఎవరో చెప్పారు. పొద్దున లేవగానే భార్య చెంబు తెచ్చి ముందర పెట్టేదట. అతను దాని వంక చూసి, భయం వేస్తుందా లేదా అని తనను తాను పరీక్షించుకునేవాడట. భయపడుతున్నానేమోనన్న భయం. మనవలను ముట్టుకోనివ్వలేదు. మగ్గం పక్కన గంజి కుండ తొణికినా ఉలిక్కిపడి లేచేవాడట. ఆ ఏడాది నేత సాగలేదు. అతని భార్యే మా దుకాణానికి వచ్చి ఇదంతా చెప్పింది. నేను తల ఊపుతూ విన్నాను. వినడం వచ్చింది. నోరు తెరవడం రాలేదు.

అతనికి ఏమీ కాలేదు. మళ్లీ చీరలు తెచ్చాడు. దాహం అంటే నేనే చెంబు ఇచ్చేదాన్ని. తాగే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. చాలా ఏళ్ల తర్వాత, ఇంకేదో జబ్బుతో పోయేదాకా, ప్రతిసారీ అంతే. ప్రతిసారీ నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఎన్ని చెంబులు? ఏ ఒక్క చెంబు దగ్గరైనా చెప్పి ఉండొచ్చు కదా? మా ఆయన పోయాక భయపడాల్సిన మనిషే లేడు. అప్పుడూ చెప్పలేదు. మరి నేను ఎవరికి భయపడ్డాను?

మనవరాలికి ఒక్కటే చెప్పాను. ఎంత తొందరగా నేర్పుతారని అడగకు, దేని మీద నేర్పుతారని అడుగు, పిలిస్తే వెనక్కి వస్తదా అని అడుగు. ఇంత వివరం నీకెట్ల తెలుసు నానమ్మా అన్నది. చేట తీసుకుని లోపలికి పోయాను.

నేను కూడా ఇప్పుడు నీళ్లు తాగే ముందు చెంబులోకి చూస్తాను. క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన వాడు లేడు. అతను అడిగిన దానికి జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది. ఈ కాగితం మీదనైనా రాస్తాను.

కుక్కకు పిచ్చి లేదు, మామా.