చంద్రవ్వ నడికట్టు

చంద్రవ్వ కట్టిన నడికట్టు ఊడిందన్న మాట బోధన్ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. అటు కందకుర్తి నుంచి ఇటు ఎడపల్లి దాకా ఏ ఇంట్లో కాన్పు అయినా ఆమెకు కబురు రావలసిందే. పాత నూలు చీరను నిలువునా చింపి, బాలెంతను మంచం మీద పడుకోబెట్టి, మోకాలు ఆనించి మరీ బిగించేది. లోపలికి గాలి పోకూడదు, పొట్ట జారకూడదు, అంతే ఆమె శాస్త్రం. నలభై ఏళ్లలో ఎన్ని నడుములు కట్టిందో ఆమెకే లెక్క తెలియదు. "ఒక్కతంటే ఒక్కతి బిగుసుగుందని అన్నదా? పోయి అడుగుండ్రి," అని సవాలు చేసేది. ఎవరు పోయి అడుగుతారు, మనకేం పని!

అటువంటి చంద్రవ్వకు ఒక్కడే తమ్ముడు, ముత్యం. నలభై ఎనిమిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చెరుకు రైతు. అయినా అక్క ఎదురుపడితే వెలుగుతున్న బీడీని జేబులో దాచుకునే రకం. అలా ఒకసారి అంగీ కాల్చుకున్నాడు కూడా.

ఆ ముత్యానికి పిత్తాశయంలోని రాయి జారి కడుపులో వాపు వచ్చింది. రెండు రోజుల్లో పొట్ట గుమ్మడికాయంత అయింది. నిజామాబాద్ తీసుకుపోయి ఖలీల్‌వాడిలో ఒక ఆసుపత్రి ఐసీయూలో వేశారు. అక్కడి డాక్టర్ నరేందర్ భీమ్‌గల్ రైతుబిడ్డ, మాట నిదానం. ముత్యం భార్య హన్మవ్వనూ, చంద్రవ్వనూ పిలిచి మంచం పక్కన నిలబెట్టి చెప్పాడు.

"సూడవ్వా, పొట్టల ఒత్తిడి పెరిగింది. ఆ ఒత్తిడికి పేగులకు రక్తం అందుతలేదు. అందకపోతే పేగు సచ్చిపోతది. అందుకే గుండెకు కొంచెం ఊపిచ్చే మందు సన్నగ ఎక్కిస్తున్నం. గుండె గట్టిగ కొడితే రక్తం పేగుల దాంక పోతది. ఒత్తిడి ఎంతున్నదో మూత్రం పైపు కాడ కొలుస్తం. పొద్దున పదిహేనున్నది. ఇరవై దాటొద్దు."

డోబుటమిన్ అని దాని పేరు. ఒక మిషను మీద పడుకున్న సిరంజి తనంతట తానే, జొన్నగింజంత జొన్నగింజంత ముందుకు జరుగుతోంది. చంద్రవ్వకు ఒళ్లు మండింది. సూది గుచ్చే ఓపిక కూడా లేదా వీళ్లకు, మిషనుకు అప్పజెప్పారు!

"గింత మందు గంత పొట్టకు యాడ సాలుతది సారూ? మా దూడకు పొట్ట ఉబ్బితే సీసెడు నూనె తాపుతం."

"దూడకు తాపుండ్రి అవ్వా, ముత్యానికి మాత్రం తాపకుండ్రి," అని నవ్వి వెళ్లిపోయాడు డాక్టర్.

ఆమెకు అసలు కడుపుమంట మందు మీద కాదు. అంత పొట్టను కట్టూ లేదు గిట్టూ లేదు, గాలికి వదిలేశారు. బయటికి రాగానే హన్మవ్వ మీద పడింది. "సూసినవా, ఎట్ల జారవడ్డదో! ఒక్క కట్టు కట్టలే."

"వాళ్లు డాక్టర్లు గద వదినె."

"డాక్టర్లయితే? ఒక్క బాలెంతనన్న కట్టిండ్రా?"

హన్మవ్వ తల ఊపింది. ఆమె దేనికైనా తలే ఊపుతుంది, అందుకే ఇరవై ఏళ్లుగా ఆడబిడ్డతో పొత్తు కుదిరింది.

పదకొండింటికి లోపలికి ఒక్కరినే, పది నిమిషాలు పంపుతారు. చంద్రవ్వ పోయింది. నర్సు శ్రీవాణి పక్క మంచం దగ్గర పనిలో ఉంది. చంద్రవ్వ సంచిలోంచి చీరపేలిక తీసింది. ముత్యం కళ్లు తెరిచాడు. పేలికను చూశాడు, అక్క ముఖం చూశాడు, మళ్లీ కళ్లు మూసుకున్నాడు. చంద్రవ్వ పేలికను పొట్టకు మూడు చుట్లు చుట్టి, ముడి వేసి, గౌను కిందికి లాగి, దుప్పటి కప్పేసింది. రోగి కదా అని దయతలచి మోకాలు మాత్రం ఆనించలేదు.

ఒంటిగంటకు శ్రీవాణి కొలిస్తే ఇరవై మూడు. తనదే పొరపాటనుకుని మళ్లీ కొలిచింది. ఇరవై మూడే. ఆపరేషన్ థియేటర్‌లో ఉన్న డాక్టర్‌కు ఫోన్ చేస్తే మందు కొంచెం పెంచమన్నాడు. పెంచింది. రెండున్నరకు ఇరవై నాలుగు! డాక్టర్ థియేటర్ నుంచి నేరుగా వరండాలోకి వచ్చాడు, చేతిలో ఒప్పుకోలు కాగితం.

"మోటర్ నడుస్తున్నది, నీళ్లు పారుతలేవమ్మా. మందు పెంచినం, గుండె మంచిగ కొడుతున్నది. అయినా రక్తం పేగుకు పోతలేదు. ఎవరో పైపు మీద కాలుపెట్టి తొక్కినట్టున్నది. ఎందుకో నాకు సమజైతలేదు. నాలుగింటికి పొట్ట కోసి, కుట్టకుండ తెరిచే ఉంచాలె. అప్పుడు ఏమైతదో ఇప్పుడే చెప్పలేను."

హన్మవ్వ ఏడుస్తూ బొటనవేలు ఇంకు డబ్బాలో అద్దింది.

చెరుకుకు నీళ్లు కట్టిన మనిషి చంద్రవ్వ, పైపు సంగతి ఆమెకు వేరే చెప్పాలా? ఆ కాలు ఎవరిదో తెలిసిపోయింది. ఇప్పుడు చెబితే నలభై ఏళ్ల పేరు ఈ వరండాలోనే మంటగలుస్తుంది. చెప్పకపోతే తమ్ముడు. హన్మవ్వ వేలు డబ్బా నుంచి కాగితం దాకా పోయేంత సేపు ఆమె తనలో తాను కొట్లాడింది. వేలు కాగితానికి తగలబోతుండగా మణికట్టు పట్టుకుంది.

"ఆగు పిల్లా. సారూ, గా పైపు మీద నిలబడ్డది నేనే."

డాక్టర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఆమె చెప్పుకుంటూ కూర్చోలేదు. వాచ్‌మన్ అరుస్తున్నా వినకుండా లోపలికి ఉరికింది, డాక్టర్ వెనక ఉరికాడు. దుప్పటి తీసి, గౌను ఎత్తింది. శ్రీవాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చంద్రవ్వ ముడి పట్టుకుని గుంజింది. రాదే! గోళ్లతో పీకింది, పళ్లతో పట్టబోయింది. చంద్రవ్వ ముడి చంద్రవ్వకు కూడా లొంగలేదు.

"సిస్టర్, కత్తెర!" అన్నాడు డాక్టర్.

"కొయ్యి బిడ్డా, జల్ది కొయ్యి," అంది చంద్రవ్వ, ఏడుపు ఆపుకోలేక.

నాలుగింటికి పద్దెనిమిది. డాక్టర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు నర్సును తిట్టాడు, తర్వాత వాచ్‌మన్‌ను తిట్టాడు. చంద్రవ్వ వైపు తిరిగి, ఆ ముఖం చూసి, "మందు దాని పని అది చేస్తనే ఉండె అవ్వా. జరగండ్రి, ఇంక చెయ్యనియ్యండ్రి," అన్నాడు. చంద్రవ్వ ఆ సిరంజికి దండం పెట్టింది.

పేగు కదిలితే గ్యాస్ పోతుందని, అది పోతే గండం గడిచినట్టేనని చెప్పారు. ఇంటిల్లిపాదీ దానికోసం కాచుకున్నారు. మూడో రోజు పొద్దున పోయింది. పోవడమంటే మామూలుగా కాదు, నాలుగు మంచాల అవతలి పేషెంటు కూడా లేచి చూశాడు. హన్మవ్వ చేతులు జోడించింది. చంద్రవ్వ "నా తండ్రీ!" అని తమ్ముడి తల నిమిరింది.

ముత్యం ముఖం మీది ఆక్సిజన్ మాస్క్ తీశాక చంద్రవ్వ కోపం తెచ్చుకుని అడిగింది. "బిగుసుగుంటే నాకెందుకు చెప్పలేదురా? నోరు లేదా?"

"నువ్వు కడుతుంటే ఇంతవరకు నోరెత్తినోళ్లు ఉన్నరా అక్కా?" అన్నాడు ముత్యం.

ఎన్నడూ మాట పడని చంద్రవ్వ ఆ మాట పడింది.

నెల తిరగకముందే రెంజల్‌లో ఒక ఇంటి నుంచి కబురు వచ్చింది. బాలెంత పేరు వర్ష, తొలికాన్పు. చంద్రవ్వ మూడు చుట్లు చుట్టి, ముడి వేయబోయి ఆగింది.

"బిడ్డా, బిగుసుగున్నదా?"

వర్ష పక్కనే ఉన్న తన తల్లి ముఖం వైపు చూసింది. "లేదవ్వా, మంచిగున్నది."

"అబద్ధం ఆడకు. నేనేమనను. చెప్పు."

"ఊపిరాడుతలేదవ్వా," అంది ఆ పిల్ల భయం భయంగా.

చంద్రవ్వ ఒక చుట్టు విప్పింది. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

ఇంకొంచెం విప్పింది.