ఏసోబు కోసం ఒక్క ఏడుపు

పానగల్ నుంచి నల్లగొండకు పోయే రోడ్డు మీద మనిషి ప్రాణం తీయగలిగినవి చాలా ఉన్నాయి. తప్పుదారిలో ఎదురొచ్చే మోటారుసైకిళ్లు, ఇసుక రాల్చుకుంటూ పోయే లారీలు, డివైడర్ మీది గడ్డి కోసం రోడ్డుకు అడ్డంగా నిలబడే బర్రెలు, ఫోను చెవికి ఆనించుకుని ఒంటిచేత్తో స్టీరింగు తిప్పే మహానుభావులు. ఏసోబు వీటన్నిటి మధ్య నుంచి ఏళ్ల తరబడి సైకిలు మీద ఆఫీసుకు పోయి, సాయంత్రం చెక్కు చెదరకుండా ఇంటికి వచ్చాడు. అలాంటివాడిని ఆఖరికి ఇంట్లో కూర్చోబెట్టింది ఒక కాకి.

ఏసోబు నల్లగొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. తండ్రికి సెంటు భూమి లేదు. ఊళ్లోవాళ్ల చేలల్లో కూలి చేసుకుంటూనే కొడుకును పదో తరగతి గట్టెక్కించాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఏసోబు సైకిలు కొన్నాడు. ఆ తర్వాత ఆఫీసులో అందరూ బండ్లు కొన్నారు, కొందరు కార్లు కొన్నారు, అందరూ కలిసికట్టుగా పొట్టలు పెంచారు. ఏసోబు మాత్రం సైకిలు దిగలేదు. యాభై దాటాక ఒంట్లో షుగరు ఉందని దవాఖానలో తేలితే, డాక్టరమ్మ అన్నీ అడిగి, సైకిలు సంగతి విని, "గదే నీకు సగం మందు. ఇడ్సిపెట్టకు," అంది. గోలీలు మింగడం మరిచిపోయిన రోజులున్నాయి కానీ ఆ సగం మందు మానిన రోజు లేదు.

మందు ఒక్కటే అయితే ఇంత ప్రేమ ఉండేది కాదు. ఆఫీసులో ఎవరు బెల్లు కొట్టినా లేచి పరుగెత్తవలసినవాడు ఏసోబు. ఉదయసముద్రం చెరువు కట్ట పక్కన, నీళ్ల మీది గాలి మొహానికి తగులుతుంటే, బెల్లు కొట్టేది అతనే, పక్కకు జరిగేది ఎదుటివాళ్లు. రోజుకు ఆ కాసేపే అయినా, అది అతని సొంతం.

ఆ ఎండాకాలం, దారిలో చేపలమ్మే జాగా దగ్గరి తుమ్మచెట్టు మీద కాకి గూడు పెట్టింది. పిల్లలున్న కాకికి ఎంత కోపమో అంత తెలివి కూడా ఉంటుంది. అది కార్ల జోలికి పోలేదు, హెల్మెట్ల జోలికి పోలేదు, బస్సుతో అసలే పెట్టుకోలేదు. చప్పుడు లేకుండా, తీరిగ్గా, నున్నటి బట్టతలతో వచ్చే ఏసోబును ఎంచుకుంది. నడినెత్తిన ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయింది.

అక్కడితో అయిపోయేది. ఏసోబు నోరు ఊరుకోక, సాయంత్రం ఇంటికొచ్చి నవ్వుకుంటూ భార్య సైదమ్మకు చెప్పాడు. భార్యకు ఏది చెప్పాలో ఏది మింగాలో ఇన్నేళ్ల కాపురంలో నేర్చుకోనివాడిని కాకి కాకపోతే కోడి తన్నేది. సైదమ్మ చేతిలోని గరిటె గిన్నెలో వదిలేసి, పక్కింటి రామమ్మవ్వను పిలుచుకొచ్చింది. సైదమ్మ ఆదివారం చర్చికి పోతుంది, మొక్కుంటే దర్గాకు పోతుంది. ఈ రెండింటికీ అందని విషయాలు రామమ్మవ్వ చూసుకుంటుంది.

రామమ్మవ్వ ఏసోబు తల వంచి, తన్నిన చోటు తడిమి చూసి తీర్పు చెప్పింది. "కాకి తన్నిందంటె గండమే బిడ్డా. గీయన సచ్చిండని అయినోళ్లకు కబురు పంపాలె. అయినోళ్లల్ల ఒక్కరన్న నిజంగ ఏడ్వాలె. గా కన్నీళ్లల్ల గండం కొట్టుకపోతది. అటెన్క బతికే ఉన్నడని చెప్తె సరిపాయె."

"ఎవ్వలు ఏడ్వకపోతె?" అన్నాడు ఏసోబు, హాస్యానికి.

"ఎందుకేడ్వరు? నువ్వేమన్న పాపిష్టోనివా?" అని కసిరింది అవ్వ.

సైదమ్మ అప్పటికే సైకిలును గొలుసుతో కిటికీ చువ్వలకు కట్టి తాళం వేసింది. "ఎవలన్న ఏడ్సేదాంక సైకిల్ ముట్టద్దు. ఏడ్వకపోతె ఇంకెన్నడు ముట్టద్దు. అందరి తీర్గ ఆటోల పో," అంది.

"ఆటోల కూసుంటె షుగర్ తగ్గుతదానే?"

"ఆటోల కూసున్నోన్ని కాకి తంతదా?"

సైకిలు తొక్కడంలోని ప్రమాదాల గురించి పెద్దపెద్ద వాళ్లు ఎన్నో చెప్పి ఉంటారు. ఇంత తిరుగులేని మాట ఎవరూ చెప్పి ఉండరు.

తెల్లారి సైదమ్మ ఏసోబును లోపలి గదిలో బియ్యం డ్రమ్ము వెనక కూర్చోబెట్టి, సచ్చినోడు సచ్చినట్టు ఉండాలని చెప్పి, ఫోను పట్టుకుంది. మొదటి కబురు దేవరకొండలో ఉన్న తన అన్న భిక్షానికి. బైపాసు కాడ లారీ గుద్దిందని, శవం దవాఖానలో ఉందని చెప్పింది. అవతలి నుంచి ఏడుపు వస్తుందని రామమ్మవ్వ ఫోను దగ్గర చెవి పెట్టింది.

"సైకిల్ మీదనేనా?" అన్నాడు భిక్షం. "నేను జెప్పలేదా చెల్లె? గా రోడ్డు మీద సైకిలేందని ఎన్ని తాపల జెప్పిన? ఇన్నడా? వస్తున్న, ఆగు."

రెండో కబురు మహబూబ్‌నగర్‌లో నర్సు పని చేసే అక్క కూతురు త్రివేణికి. అవ్వకు వినపడాలని సైదమ్మ ఈసారి స్పీకరు పెట్టింది. త్రివేణి అయ్యో అంది. తర్వాత, "తలకు హెల్మెట్ ఉండెనా చిన్నమ్మా? సైకిల్‌కు ఎనక ఎర్ర లైటు ఉండెనా?" అని అడిగింది. లేవని తెలిశాక, "సైకిల్ తొక్కుడు గుండెకు మస్తు మంచిది చిన్నమ్మా. గని జాగ్రత్తలు లేకపోతె గిట్లనే అయితది," అని, సైకిలు వల్ల బీపీ ఎలా తగ్గుతుందో, మోకాళ్లకు ఎంత హాయో కూడా చెప్పింది. గది లోపల శవం తలాడించింది.

అప్పటికి కబురు చుట్టాల వాట్సాప్ గుంపులో పడింది. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చాయి. ఎవరో తొందరలో పుట్టినరోజు కేకు పంపి, తుడిచేసి, మళ్లీ చేతులు పంపారు. ఒకరు మాత్రం కన్నీరు కారుస్తున్న పసుపుపచ్చ మొహాన్ని పంపారు. సైదమ్మ ఆశగా రామమ్మవ్వకు చూపించింది. అవ్వ ఫోను అద్దాన్ని బొటనవేలితో రుద్ది, "తడి లేదు," అని తిరిగి ఇచ్చేసింది.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి తోటి అటెండరు విజేందర్ ఫోను చేశాడు. "సంతాప సభ పెట్టినం వదినా. మౌనం గుడ పాటించినం. సార్ సైకిల్ లాభాల గురించి మంచిగ మాట్లాడిండు. పొగ లేదు, పెట్రోల్ ఖర్చు లేదు, ఏసోబును సూసి నేర్సుకోవాలె, వారంల ఒక దినం అందరం సైకిల్ మీదనే రావాలె అన్నడు. మల్ల జరసేపు ఆలోచించి, ఏసోబు గట్ల పోయిండు గద, వద్దులే అన్నడు."

"ఎవలన్న ఏడ్సిన్రా?" అంది సైదమ్మ.

"మౌనం పాటించేటప్పుడు ఏడిస్తె బాగుండదు గద వదినా."

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చనిపోగానే ఎంత మామూలు మనిషికైనా లోకం లేని అందాలు అంటగడుతుంది. ఏసోబుకు ఆ పాటి అదృష్టం కూడా పట్టలేదు. పొద్దుటి నుంచి జనం పొగిడినా తిట్టినా సైకిలునే. డ్రమ్ము వెనక కూర్చున్న ఏసోబుకు మొదట్లో నవ్వు వచ్చింది. పోనుపోను రావడం మానేసింది. గండం సంగతి దేవుడెరుగు, తను పోతే ఒక్క కన్ను కూడా తడవదన్న ముక్క మాత్రం కాకి తన్ను కంటే గట్టిగా తగిలింది.

ఎండ దిగకముందే భిక్షం, అతని భార్య శ్యామలమ్మ ఆటో దిగారు. శ్యామలమ్మ వీధి మలుపు నుంచే శోకం ఎత్తుకుంది. "ఓ అన్నో, సైకిలెక్కి పోతివా అన్నో! బస్సు దొరకలేదా అన్నో! బైపాసు కాడ దిగి నడవకపోతివా అన్నో!" రాగం ఎక్కడా తప్పలేదు. రామమ్మవ్వ ఎదురుపోయి, ఓదార్చే వంకతో ఆమె గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది. రెండు కళ్లూ ఎండిన కుంటల్లా ఉన్నాయి. అవ్వ సైదమ్మ వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. శ్యామలమ్మ శోకం ఆపి, చాయ్‌లో చక్కెర తక్కువ వేయమని చెప్పి, మళ్లీ అందుకుంది.

భిక్షం సైకిలు దగ్గరికి పోయాడు. చుట్టూ తిరిగి చూశాడు. "లారీ గుద్దిందంటివి. దీనికి గీత గుడ పడలేదు?"

సైదమ్మ తడబడింది. "మనిషి ఎగిరి పడ్డడు. సైకిల్ గట్లనే నిలబడ్డది."

"గట్టిదే," అన్నాడు భిక్షం మెచ్చుకోలుగా. పెడలు తిప్పి చూశాడు, టైర్లు నొక్కి చూశాడు. "మా డాక్టర్ గుడ నన్ను రోజు సైకిల్ తొక్కుమంటుండు చెల్లె. బావ ఎట్లాగు లేడాయె. తాళంచెవి ఏడున్నది?"

పొద్దుటి నుంచి అన్నీ ఓర్చుకున్న శవం ఇది ఓర్చుకోలేకపోయింది. లుంగీ ఎగగట్టుకుని వాకిట్లోకి దూసుకొచ్చింది. "బావా! నా సైకిల్ మీద చెయ్యేస్తె మర్యాద దక్కది!"

శ్యామలమ్మ ఈసారి రాగం లేకుండా అరిచింది. చాయ్ ఆమె ఒళ్లో పడింది. భిక్షం ఉన్నచోటనే చతికిలపడ్డాడు. అయినా సైకిలు వదల్లేదు. "సచ్చినోనివి, నీకు సైకిలెందుకు?" అన్నాడు.

సైదమ్మ సంగతంతా చెప్పక తప్పలేదు. కాకి పేరు వినగానే భిక్షం పగలబడి నవ్వాడు. శ్యామలమ్మ నవ్వింది, గోడ మీది నుంచి చూస్తున్న పక్కింటివాళ్లు నవ్వారు. నవ్వి నవ్వి భిక్షం కళ్లలో నీళ్లు తిరిగాయి. సైదమ్మ రామమ్మవ్వ చెయ్యి పట్టుకుని, "గివి నడుస్తయా అవ్వా?" అంది.

"నవ్వితె వచ్చిన నీళ్లు గండానికి పనికిరావు బిడ్డా," అంది అవ్వ దిగులుగా.

సైదమ్మ అవ్వ చెయ్యి వదిలేసి అన్న వైపు తిరిగింది. ఆమె గొంతు ఒక్కసారి లేచింది.

"ఒక్కరన్న ఏడ్వకపోతిరి గద! అమ్మ దవాఖానల పడితె రోజు అన్నం గిన్నె మోసింది ఎవలే అన్నా? నీ బిడ్డ పెండ్లిల నీళ్లు మోసి మోసి భుజం వాసింది ఎవలిది? గీ మనిషి సచ్చిండంటె, లైటున్నదా అని ఒకరు, టోపున్నదా అని ఒకరు, తాళంచెవి ఏడున్నదని నువ్వు! సైకిల్ కనవడ్డది అందరికి. దాని మీది మనిషి ఒక్కనికన్న మతికి రాలేదానె!"

అని వాకిట్లో కూలబడి ఏడ్చింది. శోకం కాదు, రాగం లేదు. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, ముక్కు కారుతుంటే ఏడ్చింది. నవ్వులు ఆగిపోయాయి. భిక్షం చెయ్యి సైకిలు మీది నుంచి దానంతటదే కిందికి దిగింది.

తన కోసం సైదమ్మ ఏడవడం ఏసోబు ఎన్నడూ చూడలేదు. "ఊకో" అనబోతూ ముందుకు వంగాడు. రామమ్మవ్వ అతని చెయ్యి పట్టి ఆపింది. సైదమ్మ చెంప మీద వేలు పెట్టి చూసి, ఆ వేలు ఎత్తి అందరికీ చూపించింది. తడి మెరిసింది.

"ఊకోమనకురా. ఏడ్వనియ్యి. గండం పోతాంది."

పెళ్లాం ఏడుస్తుంటే ఓదార్చకుండా చూస్తూ కూర్చోవడం కంటే కష్టమైన పని ఏసోబు ఎన్నడూ చేయలేదు. ఆమె పక్కన చతికిలపడి, "జర... ఇంకింత ఏడువు," అన్నాడు.

సైదమ్మ ఏడుస్తూనే అతని వీపు మీద ఒకటి చరిచింది.

"రేపు పోయేటప్పుడు," అంది వెక్కిళ్ల మధ్య, "తలకు రుమాల్ సుట్టుకొని పో."