ధుండిరాజ్ గారి తొమ్మిదో నిబంధన

ధుండిరాజ్ పోఖరేల్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తాత పేరు అడగడం. మన తాత కూడా కాదండోయ్, మనం ఎవరికి డబ్బు పంపుతున్నామో వాళ్ల తాత!

తాన్‌సేన్ బజారులో మా బ్యాంకు. మొదటి కిటికీ ఆయనది, రెండోది నాది. ఖాతా తెరిచేటప్పుడు తండ్రి పేరూ తాత పేరూ రాయించుకోవడం నేపాల్‌లో ఏ బ్యాంకులోనైనా ఉన్నదే. డబ్బు పంపేటప్పుడు కూడా అడిగే మహానుభావుడు మాత్రం ఈయనొక్కరే. ఎవరైనా విసుక్కుంటే కళ్లద్దాలు పైకి తోసుకుని, "డబ్బు బదిలీ నియమావళి, తొమ్మిదో నిబంధన. చట్టంతో తమాషాలా?" అనేవారు. చట్టం అన్నాక ఇంకెవరు నోరెత్తుతారు?

ఒకసారి ఓ కొత్త పెళ్లికూతురు అత్తగారికి ఐదువేలు పంపడానికి వచ్చింది.

"అత్తగారి తాత పేరు?"

"నాకు అత్తగారే సరిగ్గా తెలీదు అన్నయ్యా, పెళ్లయి నాలుగు రోజులే!"

"ఫోన్ చేసి అడుగు తల్లీ. ఆ వంకనైనా నాలుగు మాటలు కలుస్తాయి."

మా తమ్ముడి పెళ్లిలోనూ అంతే. చదివింపుల కవరు వాడి చేతిలో పెట్టబోయి, చటుక్కున వెనక్కి లాక్కున్నారు. "తాతగారి పేరు?" మా తాత పక్కనే కూర్చుని తియ్యటి సేల్‌రోటీ నములుతున్నాడు. "నేనేరా నాయనా, ఇక్కడే ఉన్నాను!" అన్నాడు. "గుర్తింపు పత్రం ఉందా?" అన్నారీయన. ఈయన్ని పెళ్లికి పిలిచానని మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక రోజు కాఠ్మాండూ నుంచి తనిఖీకి రజనీ ప్రధాన్ మేడం వచ్చారు. మధ్యాహ్నం మూడున్నరకి మోమోల కొట్టు సుక్‌మాయా దిదీ చేతులకి పిండితోనే పరుగెత్తుకొచ్చింది. కూతురు అస్మితకి బుట్వల్‌లో నర్సింగు సీటు వచ్చింది. నాలుగు లోపల ఎనభై వేలు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. దిదీ వాళ్ల అన్న మాన్ బహదూర్ థాపా బుట్వల్‌లోని మా శాఖలోనే నిలబడి ఉన్నాడు, డబ్బు పడగానే తీసి పక్కనే ఉన్న కాలేజీలో కట్టడానికి.

"తాత పేరు?" అన్నారు ధుండిరాజ్ గారు.

"మా అన్నయ్యయ్యా! వాడి తాత నా తాతే! రణబీర్ థాపా! త్వరగా కానీ!"

ఆయన తెర వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "ఈ ఖాతాలో కాళూ థాపా అని ఉంది దిదీ. మీ ఇద్దరికీ తాతలు వేరా?"

"ఏం కూశావ్? మా వంశం మీదే మాటంటావా? బయటికి రా, చెప్తా నీ సంగతి!"

గోలకి రజనీ మేడం లేచి వచ్చారు. "ఏ నిబంధన కింద అడుగుతున్నారండీ?"

"తొమ్మిది, మేడం."

"నియమావళిలో ఉన్నవే ఎనిమిది కదా!"

ఏడేళ్లుగా ఆయన మీద నాతో గొణిగిన వాళ్లందరికీ నేను కూడా ఆ తొమ్మిదో నిబంధనే వల్లించాను! ధుండిరాజ్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

"తొమ్మిదోది నేను కలిపాను మేడం. ఒకసారి జమ పడితే, అవతలివాడు ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోకూడదని ఎనిమిదోది చెప్తోంది. అది చదివాక నాకు అన్నం సయించలేదు. జనం కష్టపడి దాచుకున్న డబ్బు. పంపే ముందు ఎవరో ఒకరు ఒక్క ప్రశ్నయినా అడగొద్దూ?"

"చూశావా దొంగ చట్టం!" అంది దిదీ. "పంపు ముందు!"

"పంపండి," అన్నారు మేడం.

"రెండు నిమిషాలు మేడం, ఒక్క ఫోను," అని ఆయన చేతులు జోడించారు. దిదీ తిట్లు లంకించుకుంటూనే అన్నకి ఫోన్ కలిపింది.

"పాస్‌బుక్కు ఇంట్లో మర్చిపోయానే! ఇక్కడ పేరు చెప్పి అడిగితే ఈ నంబరు ఇచ్చారు," అన్నాడు అన్న.

బుట్వల్‌లో రాయి విసిరితే ఓ మాన్ బహదూర్ థాపాకి తగులుతుంది. వాళ్లిచ్చింది ఇంకో మాన్ బహదూర్‌ది. రణబీర్ మనవడి ఖాతా వెతికి డబ్బు పంపేసరికి నాలుగుకి పది నిమిషాలుంది. సరిగ్గా నాలుగుకి దిదీ ఫోన్ మోగింది. సీటు దక్కింది! దిదీ కిటికీలోంచి చేయి పెట్టి ఆయన బుగ్గ మీద పిండి పూసి, కళ్లు తుడుచుకుంది.

మేడం మాత్రం వెళ్తూ వెళ్తూ గట్టిగా చెప్పారు. "చట్టంలో లేనిది ఇక మీదట ఎవరినీ అడగకూడదు."

ఆయన బుద్ధిగా తలూపారు. మర్నాడు నోటికి తాళం వేసినట్టు కూర్చున్నారు. మొదట వచ్చిన మేకల వ్యాపారి తన బావమరిది పేరూ ఖాతా నంబరూ చెప్పి ఊరుకున్నాడు. వెనక నిలబడ్డ సుక్‌మాయా దిదీ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"అంతేనా? తాత పేరు ఎవడు చెప్తాడు?"

"నేనేం అడగలేదు, నువ్వే సాక్ష్యం చెల్లీ," అన్నారాయన నాతో, చకచకా రాసుకుంటూ.