అన్న ఎడమచేతి రాత

అన్న పోయిన సంగతి వదిన ఫోన్‌లో చెప్పింది. "మీ అన్న ఇంక లేడబ్బయా. గుండెల్లో నొప్పన్నాడు, ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయినాడు." నేను మార్కాపురం బస్టాండులో ఉన్నాను. చేతిలోని టీ పూర్తిగా తాగి గిద్దలూరు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనో పోట్లాడాను కూడా. పది రోజులైంది, కళ్లు తడవలేదు. నామీద నాకే చిరాకుగా ఉంది.

అన్న కార్గిల్ యుద్ధంలో సిపాయి. మంచుకు కుడిచేతి వేళ్లు మూడు పోతే ఇంటికి పంపించారు. ఇరవై రెండేళ్ల మనిషి వచ్చి గిద్దలూరులో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరి నా పక్కనే కూర్చున్నాడు. లెక్చరరు వస్తే మేము ఒళ్లు విరుచుకుంటూ లేచేవాళ్లం. అన్న మాత్రం నిటారుగా నిలబడేవాడు, అమ్మాయిలు నవ్వేవాళ్లు. యుద్ధం గురించి ఎవరడిగినా "నోట్సు రాసుకోండ్రా" అనేవాడు. నాకు మాత్రం ఒకసారి చెప్పాడు. "వేళ్లు మొద్దుబారినప్పుడు నొప్పే లేదురా. ఏం కాలేదనుకున్నా. తర్వాతనే తెలిసొచ్చింది." ఇప్పుడు ఆ మాటే నమ్ముకుని ఉన్నాను.

రోజూ సాయంత్రం ఎడమచేత్తో రాత నేర్చుకునేవాడు. రాసిన అక్షరం మీదనే చెయ్యి జరిగేది కాబట్టి అరచేతి అంచంతా నీలం. "పెండ్లిచూపులకు గూడ ఈ సిరాచేత్తోనే పోతావా ఏంది?" అనేది అమ్మ.

పరీక్షలొచ్చాయి. మూడు గంటల్లో ముగించలేడని భయపడి, అన్నకు చెప్పకుండా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, రాసిపెట్టే మనిషిని ఇప్పించమని అర్జీ ఇచ్చాను.

సంగతి తెలిసి అన్న మండిపడ్డాడు. "నిన్నెవరు పొమ్మన్నార్రా? నా చెయ్యి పనికిరాదని నువ్వే చాటిస్తివే!"

అర్జీ వెనక్కి తీసుకున్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. చరిత్ర పేపరు సగంలో ఉండగానే గంట కొట్టారు. అన్న తప్పాడు, నేను పాసయ్యాను. ఆ సంగతి నాయనకు చెప్పడానికి సిగ్గేసింది.

అన్న మళ్లీ ఆ పేపరు రాసిన రోజు నేను హాలు బయట నిలబడ్డాను. అందరూ వచ్చేశారు. చిట్టచివర అన్న వచ్చాడు.

"అంతా రాసినావా అన్నా?"

"రాసినా. కడాకు ఒకసారి చదువుకున్నా గూడ."

ఎప్పుడూ జేబులోనే దాచుకునే కుడిచేతిని బయటికి తీసి నా ముందుకు చాచాడు. ఆ చెయ్యి పట్టుకోవడం నాకదే మొదలు. మిగిలిన రెండు వేళ్లూ వెచ్చగా నా అరచేతిని బిగించాయి. సైకిల్ స్టాండు దాకా అన్న వదల్లేదు.