రక్తం రాని దెబ్బ

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం బడి మైదానంలో ఖోఖో ఆడుతూ, వెనకాల తరుముకొస్తున్న పిల్లకు దొరక్కూడదని మలుపు తిరగబోయి, చివరనున్న కర్ర స్తంభానికి తల గుద్దుకున్నాను.

అరవైల్లో మాట. ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఉండేవాళ్లం. నాకప్పుడు పద్నాలుగేళ్లు.

చెవుల్లో గుయ్‌మంది. లేచాను, నవ్వాను, మళ్లీ పరుగెత్తాను... అంతవరకే గుర్తుంది. పక్క క్వార్టర్ పార్వతి, నా ప్రాణస్నేహితురాలు, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చిందట. దారంతా "ఇవాళ ఏ వారం?" అని అడుగుతూనే ఉన్నానట.

రక్తం లేదు. చెప్పుకోదగ్గ బొప్పి కూడా కట్టలేదు. అమ్మ పసుపు పట్టు వేసింది, నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. తెల్లారితే సరిపోతుందనుకున్నారు.

తెల్లారింది... కిటికీలోంచి వెలుగు కళ్లలో సూదుల్లా దిగింది. వర్క్‌షాపు సైరన్ మోగితే చెవులు మూసుకుని మూలకు ముడుచుకునేదాన్ని. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదేవి. ఊరికే ఏడుపొచ్చేది. తమ్ముడు గిన్నె జారవిడిస్తే వాడి మీద విరుచుకుపడ్డాను.

పరీక్షలు దగ్గరకొచ్చాయి కదా... అందరూ నాటకమన్నారు. బడిలో టీచరూ అదే అంది. వర్క్‌షాపులో ఫిట్టరు మా నాన్న. కోప్పడే మనిషి కాదు. కానీ ఒకరోజు వంటింట్లో అమ్మతో, "సదువంటే బయ్యమేసి ఇలాగ సేస్తోందేటి?" అనడం నాకు వినబడింది.

అన్నిటికంటే అదే ఎక్కువ నొప్పి. కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది... నిజంగానే నాటకమాడుతున్నానా అని.

చివరికి అమ్మే నన్ను రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడొక బెంగాలీ డాక్టరమ్మ ఉండేది. మనవాళ్లతో మాట్లాడి మాట్లాడి కాస్త తెలుగు పట్టుబడిందామెకు. నా కళ్లలో టార్చి వేసి చూసింది. గీత మీద నడవమంది. అమ్మ అడగబోయేలోపే ఆమే అడిగింది, ఇంట్లో పెరుగు తోడు పెడతావు కదా అని.

"హాండీ ఠీక్ హై, దీదీ. లోపల దొయి కదిలింది. ముట్టుకోవద్దు. కుదురుకోనియ్యి."

తల అనే కుండ పగల్లేదు, లోపల మెదడనే పెరుగు కదిలిందంతే! చదువు, ఎండ, గోల, ఆట... కొన్నాళ్లు ఏవీ వద్దంది. కుదురుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని కూడా చెప్పింది.

బయటికొచ్చాక అమ్మ వరండాలో నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం హాయిగా ఉంది... ఒకరు నమ్మారు.

మధ్య గదిలో చాప వేసి, కిటికీకి పాత దుప్పటి కట్టారు. నాన్న గోడ గడియారం తీసి పక్కింట్లో పెట్టి వచ్చాడు, టిక్‌టిక్ నన్ను బాధిస్తోందని. ఆ ఏడు పరీక్షలు రాయలేకపోయాను. పార్వతి పై క్లాసుకు వెళ్లిపోయింది, నేను ఉండిపోయాను.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. కొళాయి దగ్గర బిందె నిండేలోపు ఎవరు దొరికితే వాళ్లకు పెరుగు కథ చెప్పేది. ఆటల టీచరు దగ్గరికీ వెళ్లింది. "రగతం రానేదని దెబ్బ తగల్లేదనీకండి, టీచరమ్మగారూ. మా గుంటకి ఏడాది పోయింది," అంది.

మరుసటి శీతాకాలం వేరే బడితో పోటీ. నాకింకా ఆడే అనుమతి లేదు, గట్టున కూర్చున్నాను. మావాళ్లు గెలిచేలా ఉన్నారు. అంతలో పార్వతి కింద పడింది, అవతలి పిల్ల మోకాలు తలకు తగిలింది. వెంటనే లేచి, ఏం కాలేదని చెయ్యి ఊపింది. కానీ ఆ చూపు... ఆ చూపు నాకు తెలుసు.

మైదానం లోపలికి వెళ్లాను. "ఒలే, మజ్జానం ఏటి తిన్నామే?" అని అడిగాను. ఇద్దరం ఒకే డబ్బాలో తిన్నాం.

"తిన్నామా?" అంది పార్వతి.

దాని చెయ్యి పట్టుకున్నాను. "ఇది ఆడదు, టీచర్," అన్నాను. చెయ్యి వదల్లేదు. టీచరు నన్నొకసారి, దాన్నొకసారి చూసి, పార్వతిని ఆట బయటికి పంపేసింది.

మేం ఓడిపోయాం. దారిలో పార్వతికి వాంతులయ్యాయి. అమ్మే దాన్ని ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. మొదటి రోజునుంచే విశ్రాంతి దొరకడంతో బేగి కోలుకుంది, పరీక్షలూ రాసింది. కానీ ఓడించానని చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక సాయంత్రం తనే వచ్చి మా గుమ్మంలో నా పక్కన కూర్చుంది. "నువ్వు నా సెయ్యి ఒగ్గీసుంటే నాను ఆడీసేదాన్నే," అంది మెల్లగా.

ఇప్పుడు స్కానింగులున్నాయి, శిరస్త్రాణాలున్నాయి, ఫోన్లో వెతికితే అన్నీ తెలుస్తాయి. కానీ అప్పట్లో ఒక పిల్ల పడితే క్వార్టర్ల వరసంతటికీ తెలిసేది... ఇప్పుడు జట్టులోంచి తీసేస్తారేమోనని పిల్లలు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా భరిస్తున్నారు.

మీకూ ఇలా తలకు దెబ్బ తగిలి, ఎవరూ నమ్మని రోజులుంటే ఇక్కడ రాయండి... నేను నమ్ముతాను.