డోలు గది తలుపు తీసిన మా రాజయ్య మామ

నిన్న పొద్దున బచేలిలో టీ పెట్టుకుంటుంటే అమ్మ ఫోన్.

"రాజయ్య మామ పోయాడే" అంది. టీ పొంగి స్టవ్ మీద పడుతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను.

మొన్న శనివారమే మాట్లాడాను. చిత్రకోట్ జలపాతంలో నీళ్ళు ఎలా ఉన్నాయి మామా అంటే, "ఎర్రగ దుంకుతున్నయ్ బిడ్డా, నీ దోస్తులను తోల్కరా" అన్నాడు.

గుండెపోటట. నిద్రలోనే వెళ్ళిపోయాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రాజయ్య మామ మా అమ్మకు వరుసకు తమ్ముడు. పుట్టింది మద్దేడ్‌లో. జగదల్‌పూర్‌లో ఒక చిన్న మ్యూజియంలో ఎంక్వైరీ కౌంటర్ ఆయనది. బస్తర్ ట్రిప్ అని నన్ను అడిగిన మీ అందరికీ నేనిచ్చిన నంబర్ మామదే.

టైమింగ్స్ అడిగితే టైమింగ్స్ చెప్పి ఊరుకునే మనిషి కాదు. వానల్లో గుహలు మూసేస్తారు, తీరథ్‌గఢ్ మెట్లు జారుతాయి, చిన్నపిల్లలుంటే మిట్టమధ్యాహ్నం బయలుదేరకండి... ఇవన్నీ అయ్యాక "తిన్నరా?" అని ఒక ప్రశ్న. ఫోన్‌లో మనతో తెలుగు, కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళతో హిందీ, గేటు దగ్గరికొస్తే ఇక్కడి ఆదివాసీల హల్బీ, దోర్లీ. ఎక్కడా తడబడేవాడు కాదు.

మామ దగ్గర నేను ఒక షార్ట్ కోర్స్ చేశాను. గైడ్ ట్రైనింగ్, వారం రోజులు. మొదటి రోజంతా మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇప్పించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దీనికా సెలవు పెట్టి వచ్చాను అనుకున్నాను.

మధ్యలో సోమవారం వచ్చింది. సోమవారం మ్యూజియం బంద్. మేం వరండాలో క్లాస్‌లో ఉన్నాం.

ఉసూర్ దాటి లోపల ఉండే ఒక ఊరి నుంచి కొందరు దోర్లవాళ్ళు వచ్చారు. బస్సులు మారి మారి వచ్చిన మొహాలు. వాచ్‌మన్ "బంద్ హై" అన్నాడు. వాళ్ళు వాదించలేదు. గేటు పక్కనే నేల మీద కూర్చున్నారు.

మామ లేచి తాళాలు తీసుకున్నాడు. బోర్డు మీద సోమవారం సెలవని ఉంది కదా మామా అన్నాను తెలివిగా.

"బంద్ మ్యూజియంకు. ఇంటోళ్ళకు బందేంది?"

లోపల బస్తర్ స్టేట్ కాలం నాటి వస్తువుల గదిలో ఒక పెద్ద డోలు ఉంది. అది వాళ్ళ ఊరిది. రాజుల రోజుల్లో దసరాకు దాన్ని భుజాన మోసుకుని ఒకాయన జగదల్‌పూర్ వచ్చాడట. ఇక్కడే జ్వరమొచ్చి పోయాడు. డోలు ఇక్కడే ఉండిపోయింది.

మోసుకెళ్ళినవాడే తిరిగి మోసుకురావాలి, ఇంకొకరు ఎత్తకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. అందుకని వాళ్ళ దృష్టిలో డోలు ఇంకా ప్రయాణంలోనే ఉంది.

ఊరు విడిచి ఉన్నవాళ్ళకు ఇంటి కబురు అందాలి కదా. అందుకే ఊళ్ళో ఎవరైనా పోతే ఇంత దూరం వచ్చి డోలుకు చెప్తారు.

మామ అడ్డంగా కట్టిన తాడు పక్కకు జరిపాడు. ఒక ముసలమ్మ చెప్పులు విప్పి, డోలు పక్కన కూర్చుని, చర్మం మీద అరచెయ్యి పెట్టింది. నోరు దగ్గరగా పెట్టి మెల్లగా ఒక పేరు చెప్పింది. అంతే. అంతకుముందు ఆ డోలు ముందు నిలబడి నేను సెల్ఫీ దిగాను.

తర్వాత మామ చెప్పాడు. ఆ ఊరి మనుషుల పేర్లు మాత్రమే అక్కడ పలుకుతారట. వేరే ఊళ్ళో పుట్టినవాళ్ళవి పలకరు, అల్లుడైనా సరే.

ఆ రోజు తలుపు తీసినందుకు అప్పటి మ్యూజియం సాబ్ మామను బాగా తిట్టాడు. కాంట్రాక్ట్ ఉద్యోగం, తీసేస్తానన్నాడు కూడా. మామ తల వంచుకుని విన్నాడు. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ తలుపు తీశాడు.

నిన్న జగదల్‌పూర్ వెళ్తున్నంతసేపూ బస్సులో నాకు అదే దిగులు. ఇక వాళ్ళకు తలుపు ఎవరు తీస్తారు?

సాయంత్రం మామను ఎత్తే వేళకు ఒక జీపు వచ్చి ఆగింది. కబురు అందుకుని వచ్చిన ఆ డోలు ఊరివాళ్ళు. ఆ ముసలమ్మ కూడా ఉంది. మామ కాళ్ళకు దణ్ణం పెట్టి, మామ భార్య సమ్మక్క అత్త చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. మామను సాగనంపాక మ్యూజియంకు పోవాలంది.

నిన్న కూడా సోమవారమే.

అత్త గోడ మేకుకున్న మామ తాళాలు తీసి, చూడటానికొచ్చిన కొత్త సాబ్ చేతికిచ్చింది. ఆయన ఒక్క క్షణం ఆ తాళాలకేసి చూశాడు. "చలియే" అని ముందు నడిచాడు. నేనూ వెంట వెళ్ళాను.

సాబ్ గది బయటే బూట్లు విప్పాడు. తాడు ఆయనే జరిపాడు.

ముసలమ్మ డోలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. దోర్లీ నాకు రాదు. కానీ పేరు అర్థమైంది.

రాజయ్య.

నేను ఆగలేక వాళ్ళతో వచ్చిన ఒకామెను అడిగాను, మామ మీ ఊరివాడు కాదు కదా అని.

ఆమె తెలుగులో మెల్లగా చెప్పింది. "మనోడు పోయిండు అని చెప్పింది అవ్వ. ఇంటి తలుపు తీసేటోడు ఇంటోడే గదా."

అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఇంత గౌరవం ఒక మనిషికి దక్కడం నేనెప్పుడూ చూడలేదు.

బస్తర్ వచ్చేవాళ్ళకు మామ తరఫున: మ్యూజియం ఈ రోజు తెరిచే ఉంది. డోలు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళండి. గేటు దగ్గర నీళ్ళు తాగండి.

నీ కబురు చేరింది మామా. ఇక నిమ్మళంగా నిద్రపో.