జాజ్ గిటార్‌కు మా భజన వంత

ఉద్యోగం కొత్త, జీతం కొత్త, చెవుల్లో ఇయర్‌ఫోన్లు కొత్త అయిన ఆ రోజుల్లో, సంగీతం అర్థమయ్యేది భూమ్మీద నా ఒక్కడికే అని గట్టిగా నమ్మేవాణ్ణి. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. ఒకనాడు సిటీ బస్సులో ఫోన్ గెలుకుతుంటే ఒక జంట కచేరీ దొరికింది. ఒకాయన జాజ్ గిటార్, ఒకావిడ వీణ. ఆయన కల్యాణి ఎత్తుకుని, ఎవరికీ తెలియని సందుగొందుల్లో తిరిగి, ఇక ఇల్లు చేరడు అనుకునేసరికి ఆవిడ వీణ పక్కనే వచ్చి నింపాదిగా వాలేవాడు. గిటార్ మీద గమకం పలికితే నాకు ఒళ్లు జలదరించేది. ఆ మైకంలో దిగాల్సిన స్టాపు ఎన్నిసార్లు దాటిపోయానో చెప్పలేను. (ప్రిన్సిపాల్‌గారికి మాత్రం కడుపునొప్పి అని చెప్పేవాణ్ణి. ఆ మాట మన మధ్యే ఉండనివ్వండి.)

అలాంటిది, ఆ ఇద్దరూ వినాయక నవరాత్రుల్లో కరీంనగర్‌కే వచ్చారు. కచేరీ అవగానే జనాన్ని తోసుకుంటూ వెళ్లి వాళ్ల ముందు నిలబడ్డాను. మర్నాడు కారులో నాగపూర్ పోతున్నారట. దారిలోనే మా ఊరు ఆసిఫాబాద్. మా మండపంలో కాసేపు వాయించమని ఏ మొహంతో అడిగానో ఇప్పటికీ తెలియదు. గిటార్ ఆయన నవ్వి, "మంచి చాయ్ దొరుకుతుందా?" అన్నాడు. దొరుకుతుందన్నాను. అంతే, ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు అప్పుడు గుర్తొచ్చింది. మర్నాటి సాయంత్రం మండపంలో వంతు మా బాపు భజన బృందానిది. ఆ ఒక్క సాయంత్రం కోసం వాళ్లు ఏడాది పొడవునా ప్రతి శనివారం గొంతులు అరగదీసుకుంటారు. భయం భయంగానే బాపుకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"నీ మాట మీద నా వంతు ఇస్తున్న కొడుకా. పదిమంది ముంగట నన్ను నవ్వులపాలు చెయ్యకు" అన్నాడు.

దాంతో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఊరు చేరి భజన బృందాన్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. మధ్యలో మాట్లాడొద్దు, దగ్గొద్దు, పిల్లల్ని ఏడవనివ్వొద్దు. "జాజ్‌లో ఆయన ఒక ముక్క వాయించి ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలోనే అసలు అందం" అని కళ్లు మూసుకుని మరీ చెప్పాను. గజ్జెల మామ (కాళ్లకు గజ్జెలు కట్టి చిరుతల భజన చేస్తాడు కాబట్టి ఊరంతటికీ ఆ పేరే) జర ముందుకు జరిగాడు.

"గా ఖాళీ ఎవలి కోసం ఇడుస్తడు అల్లుడా?"

"వినేవాళ్ల కోసమే మామా" అన్నాను గొప్పగా.

"గట్ల చెప్పు! ఇగ ఫికర్ చెయ్యకు, మేం జూస్కుంటం."

సాయంత్రం మండపం నిండిపోయింది. గిటార్ ఆయన వినాయకుడికి దండం పెట్టి హంసధ్వని ఎత్తుకున్నాడు. ఎవరూ దగ్గలేదు. బాపు ముందు వరసలో నిటారుగా కూర్చున్నాడు. నా పాఠం ఫలించిందని నేను ఉబ్బిపోతున్న సమయంలో ఆయన ఒక చక్కటి ముక్క వాయించి ఆగాడు. ఆ ఖాళీలోకి "తా నా నన్నా" అంటూ గజ్జెల మామ గొంతు దూసుకొచ్చింది. వెనకాలే బృందమంతా తాళాలతో సహా అందుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపమని రెండు చేతులూ ఊపాను. వాళ్లు దాన్ని హుషారు చేయడం అనుకుని ఇంకా గట్టిగా పాడారు. గిటార్ ఆగిపోయింది, వీణ ఆగిపోయింది. బాపు వెనక్కి తిరిగి నా వంక చూశాడు. 

"మామా, ఏం చేస్తున్నవే!" అని పరుగెత్తాను.

మామ చిన్నబోయాడు. "నువ్వే గదా అల్లుడా, మన కోసమే ఇడుస్తడంటివి! గంత మంచిగ ఎత్తుకొని పెద్దమనిషి ఆగితె, ఒక్కలన్న అందుకోకపోతె ఎట్ల? గంత దూరంకెళ్లి వచ్చినాయన ఇజ్జత్ పోదా?"

అప్పుడు వెలిగింది నాకు. మా భజనలో ముందు పాడేవాడి చరణానికి వంత పాడకపోతే అతణ్ణి అవమానించినట్టే. వాళ్లు చేసింది అల్లరి కాదు, మర్యాద. మామ ఏమంటున్నాడని గిటార్ ఆయన అడిగాడు. తలొంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మామ వైపు తిరిగాడు.

"ఎన్నో ఊళ్లలో ఖాళీలు వదిలాను. తిరిగి పలికినవాళ్లు మీరే. మళ్లీ వాయిస్తాను, వదలొద్దు" అన్నాడు.

ఇక చూడండి! ఆయన ఒక ముక్క, వీళ్లు ఒక ముక్క. ఆయన కొంటెగా మెలికలు పెట్టేసరికి మామ నడిమధ్యలో దారి తప్పి నాలుక కరుచుకున్నాడు. మండపమంతా నవ్వు. వీణ ఆవిడ కూడా వాయించడం మానేసి నవ్వింది. అప్పుడు బాపు మెల్లగా గొంతు సవరించుకుని తన వినాయకుడి భజన ఎత్తుకున్నాడు. గిటార్ ఆయన చెవి ఒగ్గి విని, ఆ పాట కింద తన జాజ్ స్వరాలు పరుస్తూ పోయాడు. ఈసారి వంత పాడింది ఆయన. మా బాపు గొంతు అంత అందమైనదని అంతవరకు నాకు తెలియదు. ఆ ఎరుక ఇచ్చినందుకు ఆయనకు ఎంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను. చాయ్ తాగేటప్పుడు బాపు నా భుజం మీద చెయ్యి వేసి, "నా వంతు ఏడ పోయిందిరా, నాకే వచ్చె" అన్నాడు.

మొన్న హైదరాబాద్‌లో ఆ జంట కచేరీకే వెళ్లాను. చల్లటి హాలు, మెత్తటి కుర్చీ. గిటార్ ఆయన ఒక ముక్క వాయించి ఆగాడు. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది, "తా నా నన్నా" అని బయటికే వచ్చేసింది. నా ముందు వరసలో మెడకు ఇయర్‌ఫోన్లు వేలాడేసుకున్న ఒక కుర్రాడు గిరుక్కున వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి, "సార్, ఆ ఖాళీలోనే అసలు అందం" అన్నాడు. "సరే తమ్మీ" అని నోరు మూసుకున్నాను. కోపం రాలేదు. ఒకప్పుడు నాకూ అంతే తెలుసు.